పాత టూ-స్ట్రోక్ డర్ట్ బైక్: థ్రాటిల్ వదిలినా ఆర్పీఎం దిగట్లేదు, ఫిల్టరేమో చేతిలో పొడైపోయింది

దుమ్ముదారి
తొంభైల నాటి 125 సీసీ టూ-స్ట్రోక్ డర్ట్ బైక్ ఒకటి నెల కిందట నా చేతికొచ్చింది. వాటర్ కూల్డ్, కిక్ స్టార్ట్ మాత్రమే, పెట్రోల్లో ఆయిల్ కలిపి పోసే రకం. ముందు ఓనర్ నాలుగేళ్లు షెడ్డులో పడేశాడట. నా బాధలు చెప్తా. చల్లగా ఉన్నప్పుడు పదిహేను కిక్కులు కొడితే గాని అందుకోదు. వేడెక్కాక థ్రాటిల్ పూర్తిగా వదిలేసినా మూడు నాలుగు సెకన్లు అలా అరుస్తూనే ఉండి, అప్పుడు నింపాదిగా దిగుతుంది. ఇంకోపక్క సైలెన్సర్ జాయింట్ దగ్గర నల్లటి జిడ్డు కారుతోంది. నిన్న ఎయిర్ ఫిల్టర్ కడుగుదామని పట్టుకుంటే ఫోమ్ ఎండుటాకులా చేతిలోనే పొడైపోయింది.

జిడ్డు కారుతోందంటే రిచ్‌గా, అంటే పెట్రోల్ ఎక్కువై, నడుస్తున్నట్టే కదా అని ఒక సైజు చిన్న మెయిన్ జెట్ (కార్బురేటర్లో పెట్రోల్ కొలిచి వదిలే కన్నం ఉన్న ఇత్తడి ముక్క) ఆర్డర్ పెట్టేశాను. సరైన దారిలోనే ఉన్నానా? ఇంజన్ విప్పకుండా బయటపడొచ్చా?

బురద_రాజా
బండి కొన్నావా, ఇసుక డబ్బా కొన్నావా?

పాత_పిస్టన్
జెట్ వచ్చాక డ్రాయర్లో పెట్టు. ఇప్పుడు బిగించకు.

థ్రాటిల్ వదిలినా దిగట్లేదంటే లీన్, గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ. జిడ్డు కారుతోందంటే రిచ్. రెండూ ఒకే బండిలో ఉన్నాయంటే జెట్ దగ్గర కాదు, ఎక్కడో దొంగగాలి లాగుతోంది. ముందు గాలి దారి సంగతి తేల్చు.

ఇంకో మాట. రాలిన ఆ ఫోమ్ ఎక్కడికి పోయింది? ఎయిర్‌బాక్స్ నుంచి కార్బురేటర్‌కి పోయే రబ్బరు బూట్ లోపల తెల్లగుడ్డ పెట్టి తుడువు. గుడ్డ ఏ రంగులో బయటికొచ్చిందో చెప్పు. అప్పటిదాకా కిక్ కొట్టకు.

దుమ్ముదారి
అయ్యో. ఫిల్టర్ తీసేశాక ఎలా ఉందో చూద్దామని ఒకసారి స్టార్ట్ చేశాను. రెండు నిమిషాలే. అది కూడా తప్పేనా?

బురద_రాజా
దుమ్ములో చేశావా, గదిలో చేశావా అన్నదాన్ని బట్టి నీ పాపం చిన్నదా పెద్దదా తేలుతుంది.

దుమ్ముదారి
ఊడ్చిన సిమెంటు నేల మీద.

బురద_రాజా
బతికిపోయావ్.

నూటపాతిక
ఫిల్టర్ గురించి ఇంత హడావుడి ఎందుకో కొత్తవాళ్లకి ఒకసారి చెప్పాలి. ఫోర్-స్ట్రోక్‌లో గాలి నేరుగా సిలిండర్ తల మీదికి పోతుంది, క్రాంక్ కింద ఆయిల్లో దాని మానాన అది తిరుగుతుంటుంది. మనదాంట్లో అలా కాదు. కార్బురేటర్ దాటిన గాలి, పెట్రోలు, ఆయిలు అన్నీ ముందు క్రాంక్‌కేసులోకే దిగుతాయి. క్రాంక్ బేరింగులకీ, కనెక్టింగ్ రాడ్ కింది బేరింగుకీ ఆ తుంపరే తిండి. పిస్టన్ కిందికొచ్చి దాన్ని ఒత్తితే పక్కన ట్రాన్స్‌ఫర్ పోర్టుల్లోంచి పైకి పోతుంది. ఫిల్టర్ దాటి ఒక చిటికెడు దుమ్ము వచ్చిందనుకో, ముందు బేరింగుల్ని నాకి, తర్వాత పిస్టన్ స్కర్టుని (కిందిభాగం గోడని) గీకి, ఆఖర్న రింగుల్ని తింటుంది. కడిగి పోయడానికి ఆయిల్ సంప్ లేదు, మార్చడానికి ఆయిల్ ఫిల్టర్ లేదు. ఫోమ్ ముక్క ఒక్కటే కాపలా.

ఫోమ్ పొడైపోవడం మాత్రం నీ తప్పు కాదు. అది పాలీయురేథేన్. తేమకీ వయసుకీ దానంతటదే కుళ్లిపోతుంది. నాలుగేళ్లు కదలకుండా ఉన్న బండిలో ఫిల్టర్ చూడ్డానికి బానే కనిపించినా దాన్ని నమ్మకూడదు.

మెకానిక్_మామ
కొత్త ఫోమ్ తెచ్చుకో తమ్ముడూ. పెట్రోల్లో ముంచి పిండు, ఆరబెట్టు, మిగిలిన గేర్ ఆయిల్ నాలుగు చుక్కలు రాసి బిగించు. ఇరవై ఏళ్లుగా అదే చేస్తున్నా.

రీడ్‌వాల్వు
మామా, నీ మీద గౌరవం ఉంది కానీ ఇందులో మూడు మాటలు ఒప్పుకోను.

పెట్రోల్ ఫోమ్ అతుకుల్లో ఉన్న జిగురుని కరిగిస్తుంది. అతుకు కాస్త విడిపోతే బయటికి కనపడదు, దుమ్ముకి మాత్రం రాచబాట. పైగా బకెట్ నిండా పెట్రోల్ ఆవిరి పెట్టుకుని గదిలో కూర్చోవడం, పక్కనే ఎవరో స్విచ్ వేయడం, వద్దులే. ఫిల్టర్ క్లీనర్ దొరికితే అది, లేకపోతే కిరోసిన్. అంటుకోవడం పెట్రోల్ అంత తేలిక కాదు. ఆరుబయట చెయ్యాలి, చేతులకి గ్లోవ్స్ ఉండాలి. పాత జిడ్డు వదిలాక గోరువెచ్చని నీళ్లలో సబ్బుతో కడగాలి.

రెండోది, పిండటం. అరచేతుల మధ్య పెట్టి నొక్కాలి, బట్టల్లా మెలితిప్పితే అతుకులు చిరుగుతాయి. మూడోది గేర్ ఆయిల్. అది అంటుకుని ఉండదు. రాత్రికి రాత్రి కిందికి జారి ఫిల్టర్ అడుగున మడుగు కడుతుంది, పైసగం పొడిగా మిగులుతుంది. ఆ పొడి సగంలోంచే దుమ్ము దూరుతుంది. ఫిల్టర్ ఆయిల్ జిగటగా ఉండేలా తయారైంది అందుకే.

మెకానిక్_మామ
నేను ఫిల్టర్ ఏడాదికొకటి మార్చేస్తా. అందుకే జిగురు ఊడటం ఎప్పుడూ చూడలేదేమో. పెట్రోల్ విషయం ఒప్పుకుంటున్నా. గేర్ ఆయిల్ మాత్రం చేతిలో ఇంకేమీ లేనప్పుడు పొడి ఫోమ్ కంటే వెయ్యి రెట్లు నయం.

రీడ్‌వాల్వు
ఆ ఒక్క పూటకి సరే.

దుమ్ముదారి
కొత్త ఫోమ్ వచ్చింది. ఆయిల్ ఎంత పట్టించాలి? కొందరు కారేలా అంటారు, కొందరు తడి తగిలితే చాలంటారు.

రీడ్‌వాల్వు
మందపాటి ప్లాస్టిక్ సంచిలో ఫోమ్ వేసి, ఆయిల్ పోసి, సంచి మూతి పట్టుకుని పిండి కలిపినట్టు కలుపు. ఫిల్టర్ ఆయిల్‌కి రంగు వేసేదే అందుకు. ఫోమ్ అంతా ఒకే రంగులోకి రావాలి, ఎక్కడా లేత మచ్చ ఉండకూడదు, అతుకుల దగ్గర మరీ చూడు. తర్వాత నొక్కి ఎక్కువైంది తీసెయ్. నొక్కినప్పుడు చుక్క కారకూడదు, వేలు పెడితే అంటుకోవాలి. వెంటనే బిగించకు, అందులోని పల్చన చేసే ద్రావకం ఆవిరయ్యేదాకా కాసేపు ఉంచు. కారుతున్న ఫిల్టర్ పెడితే గాలి అందక బండి ఉక్కిరిబిక్కిరి అవుతుంది, నువ్వు మళ్లీ జెట్ మీద పడతావు.

ఆయిల్ పట్టించే ముందు ఫోమ్ పూర్తిగా ఆరి ఉండాలి. నీడలోనే. నీటి తడి ఉన్న చోట ఆయిల్ అంటదు.

సగంగేరు
ఫోమ్ అంచుకి గ్రీజు రాయడం ఎవరూ చెప్పలేదు. నా కథ వినండి.

రెండేళ్ల కిందట కొత్త ఫోమ్, మంచి ఆయిల్, అన్నీ పద్ధతిగా చేశా. ఎయిర్‌బాక్స్‌కి ఆనే అంచుకి గ్రీజు మాత్రం రాయలేదు. చేతులు జిడ్డవుతాయని. ఫిల్టర్ ఒక మూల కొంచెం మడతపడి కూర్చుంది, నేను చూసుకోలేదు. మూడు రైడ్లు, అదీ ముందు పోయేవాడి దుమ్ములో. నాలుగో రైడ్‌లో కింద నుంచి గలగలమని చప్పుడు. ఇంటికి చేరదాం అనుకున్నా. చేరలేదు. రాడ్ కింది బేరింగ్ విడిపోయి, రాడ్ విరిగి, క్రాంక్‌కేసుకి పిడికిలంత కన్నం. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నా.

బురద_రాజా
నువ్వు సగంగేరు కాదన్నా, సగం ఇంజన్.

సగంగేరు
ఆ కన్నం పడ్డ కేసు ఇప్పటికీ బల్ల మీద ఉంది. పెన్నులు పెట్టుకుంటున్నా.

పాత_పిస్టన్
గ్రీజు మాట నిజం. మందపాటి వాటర్‌ప్రూఫ్ గ్రీజు, అంచు చుట్టూ తెగకుండా. ఫిల్టర్ బిగించాక టార్చ్ వేసి చుట్టూ చూడాలి. తర్వాతి సారి తీసినప్పుడు గ్రీజు గీతకి బయటివైపు దుమ్ము ఉంటే మంచిదే, అది తన పని చేసింది. లోపలివైపు ఒక్క రేణువు కనపడినా ఎక్కడో కూర్చోలేదని.

దుమ్ముదారీ, గుడ్డ సంగతి ఇంకా చెప్పలేదు.

దుమ్ముదారి
చెప్పడానికి భయమేసి ఆగాను. గోధుమ రంగు. వేళ్ల మధ్య రుద్దితే కరకరలాడుతోంది. ఫోమ్ నలుసులు కూడా ఉన్నాయి. కార్బురేటర్ తీసి చూస్తే బౌల్ (పెట్రోల్ నిలిచే గిన్నె) అడుగున బంక. పాత పెట్రోల్ ఎండిపోయి తేనెలా ఉంది.

పాత_పిస్టన్
ఊహించిందే. కార్బురేటర్ విప్పి, జెట్లన్నీ బయటికి తీసి, క్లీనర్‌లో నానబెట్టు. తీసేముందు జెట్ల మీద నంబర్లు రాసుకో, నీడిల్ క్లిప్ పైనుంచి ఎన్నో గాడిలో ఉందో రాసుకో, ఎయిర్ స్క్రూ పూర్తిగా బిగించడానికి ఎన్ని తిప్పులు పట్టిందో అది కూడా. పైలట్ జెట్ (చిన్న థ్రాటిల్‌లో పెట్రోల్ ఇచ్చేది) కన్నంలో ఇనుప తీగ పెట్టకు. ఇత్తడి కదా, కన్నం పెద్దదవుతుంది. వైరులోంచి ఒక రాగిపోగు తీసుకో, లేదా గాలి కొట్టు.

అలాగే రీడ్ బ్లాక్ (గాలిని లోపలికే పోనిచ్చి వెనక్కి రానివ్వని రేకుల కవాటం) తీసి వెలుగుకి పెట్టి చూడు. రేకుల కొసలు సీటు మీద ఆనుకుని ఉండాలి.

నీలిపొగ
ఎవరూ అడగలేదు కానీ, ఆయిల్ ఎంత కలుపుతున్నావ్? పాత ఇంజన్‌కి 32:1 (32 పాళ్ల పెట్రోల్‌కి ఒక పాలు ఆయిల్) కంటే తగ్గొద్దు.

దుమ్ముదారి
40:1. జిడ్డు కారుతోందని 50:1 చేద్దామా అనుకుంటున్నా.

నీలిపొగ
వద్దే వద్దు! జిడ్డు కారేది ఆయిల్ ఎక్కువై కాదు, సరిగా కాలక. రిచ్ జెట్టింగ్, లేదా బండిని ముసలివాళ్ల నడకలా చిన్న థ్రాటిల్ మీదే తిప్పడం. ఎగ్జాస్ట్ వేడెక్కకపోతే కాలని పెట్రోలూ ఆయిలూ కలిసి జాయింట్లోంచి కారతాయి. ఆయిల్ తగ్గిస్తే జిడ్డు కాస్త తగ్గుతుందేమో, బేరింగులు మాత్రం నిన్ను గుర్తుపెట్టుకుంటాయి.

నూటపాతిక
జిడ్డు విషయం సరే. కానీ 32 తప్పనిసరి అనడం ఒప్పుకోను. లీటరుకి 32:1 అంటే 31 మి.లీ., 40:1 అంటే 25 మి.లీ. తేడా 6 మి.లీ. మాన్యువల్ ఏ నిష్పత్తి చెప్తే అది, మంచి ఆయిల్‌తో, ప్రతిసారీ కొలిచి పోస్తే చాలు. కంటి లెక్కన పోసే 32 కంటే కొలిచి పోసే 40 మేలు. ఇంకో సంగతి చాలామంది తిరగేసి చెప్తారు. ఆయిల్ ఎక్కువ పోస్తే బండి రిచ్ అవ్వదు. అదే జెట్లోంచి పోయే ద్రవంలో పెట్రోల్ వాటా ఆ మేరకు తగ్గుతుంది, అంటే రవ్వంత లీన్ వైపే జరుగుతుంది. రిచ్, లీన్ అనేవి గాలికీ పెట్రోల్‌కీ మధ్య లెక్క.

నీలిపొగ
నేను రిచ్ అవుతుందనలేదే!

నూటపాతిక
నువ్వన్నావని నేనూ అనలేదు.

బురద_రాజా
మొదలైంది. ఆయిల్ నిష్పత్తి చర్చ పెళ్లిభోజనాల్లో ఉప్పు చర్చ లాంటిది, ఎవరి నాలుక వాళ్లది.

పాత_పిస్టన్
ఆ గొడవకి వేరే చోటు ఉంది. ఒకటి మాత్రం ఇక్కడ పనికొస్తుంది: కలిపిన పెట్రోల్ నెలల తరబడి డబ్బాలో పెట్టి వాడొద్దు. ఇథనాల్ ఉన్న పెట్రోల్ తేమని లాగుతుంది. బండి కొన్ని వారాలు కదలదు అనిపిస్తే ట్యాప్ మూసి బౌల్ ఖాళీ చెయ్. దుమ్ముదారి బౌల్లో ఉన్న తేనె అలా చెయ్యనందుకే.

దుమ్ముదారి
రెండు రోజుల పని పూర్తయింది. రీడ్ రేకు ఒకదాని కింద రెండు ఫోమ్ నలుసులు ఇరుక్కుని ఉన్నాయి, అందుకే అది మూసుకోవట్లేదు. రేకులకి చిట్లు ఏమీ లేవు. తర్వాత కార్బురేటర్‌కీ రీడ్‌కీ మధ్య ఉండే రబ్బరు గొట్టం వంచి చూస్తే కింది వైపు వెంట్రుకంత పగుళ్లు. వంచకపోతే కనపడవు! కొత్తది వేశాను. బూట్ అంతా కడిగి తుడిచాను. ఫిల్టర్ సంచిలో పిసికి, ఆరనిచ్చి, అంచుకి గ్రీజు రాసి బిగించాను. జెట్లు పాతవే, శుభ్రం చేసి అవే పెట్టాను.

ఇప్పుడు మూడో కిక్కుకే అందుకుంటోంది. కానీ థ్రాటిల్ వదిలితే దిగడం తొందరపడింది గాని పూర్తిగా బాగవలేదు. ఒక సెకనో ఒకటిన్నరో ఇంకా వేలాడుతోంది.

మెకానిక్_మామ
ఎయిర్ స్క్రూ లోపలికి ఒక సగం తిప్పు, సర్దుకుంటుంది.

పాత_పిస్టన్
సర్దుకున్నట్టు కనిపిస్తుంది మామా, అదే ప్రమాదం. ముందు ఓనర్ చేసింది కూడా అదే అయి ఉంటుంది. దొంగగాలి ఉన్న ఇంజన్‌కి పెట్రోల్ పెంచి నోరు మూయించాడు. చిన్న థ్రాటిల్‌లో లోపలికి పోయే గాలే తక్కువ, అందులో పగులులోంచి వచ్చేది పెద్ద వాటా. అందుకే అక్కడ లీన్. థ్రాటిల్ నిండా తీస్తే అదే పగులు లెక్కలోకి రాదు, అప్పుడు పెద్ద జెట్ పెట్రోల్ కుమ్మరిస్తుంది, జిడ్డు కారుతుంది. నీ బండి రెండు నాలుకలతో మాట్లాడింది అందుకే. జెట్ నంబర్లు మాన్యువల్‌తో పోల్చావా?

దుమ్ముదారి
పోల్చాను. మెయిన్ జెట్ మాన్యువల్ చెప్పినదాని కంటే ఒక సైజు పెద్దది. పైలట్ కూడా ఒక సైజు పెద్దదే.

పాత_పిస్టన్
అదీ సంగతి. ఇప్పుడు ప్రెషర్ టెస్ట్ చెయ్యాలి. ఇంజన్ విప్పనక్కర్లేదు.

ఎగ్జాస్ట్ పోర్టుని పాత ట్యూబ్ రబ్బరు, ఒక రేకు పెట్టి బిగించి మూసెయ్. ప్లగ్ బిగించే ఉంచు. కొత్తగా వేసిన రబ్బరు గొట్టంలో కన్నం ఉన్న రబ్బరు బిరడా దూర్చి, చేతిపంపూ చిన్న గేజీ పెట్టు. గాలి ఇన్‌టేక్ వైపు నుంచే ఎక్కించు. రీడ్ తెరుచుకుంటుంది, గొట్టం కూడా పరీక్షలోకి వస్తుంది. పిస్టన్ కిందికి తెచ్చిపెట్టు, పోర్టులన్నీ తెరిచి ఉంటాయి. 6 పీఎస్ఐ చాలు. టైర్‌కి కొట్టినట్టు కొట్టావా, సీల్ పెదవి లేచిపోయి లేని లీక్ నువ్వే పుట్టిస్తావు. నిమిషానికి 1 పీఎస్ఐ లోపు పడిపోతే పర్వాలేదు. అంతకంటే వేగంగా పడితే సబ్బునీళ్లు తీసుకుని సిలిండర్ అడుగు, హెడ్, రీడ్ గాస్కెట్, ఫ్లైవీల్ వెనక, అన్ని చోట్లా రాయి. పవర్ వాల్వ్ (ఎగ్జాస్ట్ పోర్టు తెరుచుకునే తీరుని మార్చే కవాటం) ఉంటే దాని షాఫ్ట్ దగ్గర బుడగలొస్తే కంగారుపడకు, అది ఎగ్జాస్ట్ వైపు. జిడ్డు కారుస్తుంది గాని లీన్ చెయ్యదు.

సగంగేరు
దీనికంటే తేలిక పద్ధతి: బండి ఐడ్లింగ్‌లో ఉండగా అనుమానం ఉన్నచోట బ్రేక్ క్లీనర్ కొడితే ఆర్పీఎం మారుతుంది కదా?

రీడ్‌వాల్వు
మారుతుంది, పక్కనే కాలే ఎగ్జాస్ట్ కూడా ఉంటుంది. పైగా ఫ్లైవీల్ వెనక సీల్‌కి అది చేరదు. నీకు ఇప్పటికే పెన్నుల స్టాండ్ ఉంది, ఇంకోటి ఎందుకు?

దుమ్ముదారి
టెస్ట్ చేశాను. 6 ఎక్కించాను, నిమిషంలో 2కి పడిపోయింది! సిలిండర్ అడుగున బుడగల్లేవు, గొట్టం దగ్గర లేవు. ఇగ్నిషన్ కవర్ తీస్తే ఫ్లైవీల్ వెనక నుంచి బుస్సుమని నురగ.

పాత_పిస్టన్
ఎడమవైపు క్రాంక్ సీల్. నాలుగేళ్లు ఎండి గట్టిపడింది. ఫ్లైవీల్‌కి సరైన పుల్లర్ తెచ్చుకో, సుత్తి తియ్యకు. చాలా ఇంజన్లలో కేసు విప్పకుండా సీల్ బయటినుంచే లాగొచ్చు, కొన్నిట్లో లోపల అంచు అడ్డం ఉంటుంది, మాన్యువల్ చూసుకో. లాగేటప్పుడు క్రాంక్ షాఫ్ట్ మీద గీత పడకూడదు. గీత పడితే కొత్త సీల్ కూడా అక్కడే ఊదుతుంది. కొత్తది పెదవికి గ్రీజు రాసి, పాతది ఎంత లోతులో ఉందో అంతే లోతుకి, వంకర పోకుండా దించు.

ఎలాగూ బూట్లో ఇసుక దొరికింది కాబట్టి సిలిండర్ కూడా ఒకసారి ఎత్తి చూడు. ఇది మాత్రం నీకు నచ్చదని తెలుసు.

దుమ్ముదారి
నచ్చలేదు. ఇంజన్ విప్పకుండా అన్నది నా మొదటి పోస్టులోనే ఉంది.

బురద_రాజా
టూ-స్ట్రోక్ సిలిండర్ ఎత్తడాన్ని ఇంజన్ విప్పడం అనరు తమ్ముడూ, మూత తీసి చూడటం అంటారు. నాలుగు నట్లు పైన, నాలుగు కింద. ముందు కూలెంట్ తియ్యడం మర్చిపోకు, నేను మర్చిపోయాను, క్రాంక్‌కేసులో చెరువు తవ్వాను.

నూటపాతిక
పిస్టన్ చదవడం నేర్చుకో. ఇన్‌టేక్ వైపు స్కర్టు మీద నిలువుగా సన్నటి గీతలు, మసకబారిన ఒళ్లు ఉంటే దుమ్ము తిన్నట్టు. ఎగ్జాస్ట్ వైపు గీతలు, కరిగి పూసినట్టు ఉంటే లీన్ వేడి. నాలుగు మూలలా సమానంగా నొక్కుకున్న గుర్తులుంటే చల్ల ఇంజన్‌ని వేడెక్కనివ్వకుండా బాదినట్టు: పిస్టన్ ముందు ఉబ్బుతుంది, సిలిండర్ ఆలస్యంగా. రాడ్ పట్టుకుని నిలువుగా పైకీ కిందికీ లాగి చూడు, రవ్వంత కూడా ఆడకూడదు. పక్కకి కొంచెం ఆడటం మామూలే, దానికి భయపడి క్రాంక్ మార్చేసిన వాళ్లున్నారు.

రింగుని ఒంటరిగా సిలిండర్లో పెట్టి, పిస్టన్‌తో తిన్నగా తోసి, కొసల మధ్య సందుని ఫీలర్ గేజీతో కొలు. లెక్కకి బోరులో (సిలిండర్ లోపలి వ్యాసంలో) మిల్లీమీటరుకి 0.004 మి.మీ. కనీసం. 54 మి.మీ. బోరుకి 0.2 పైచిలుకు. ఎక్కువలో హద్దు ఎంతో మాన్యువల్లో ఉంటుంది.

దుమ్ముదారి
ఎత్తాను. ఇన్‌టేక్ వైపు నిలువు గీతలే, నూటపాతిక చెప్పినట్టు. ఎగ్జాస్ట్ వైపు శుభ్రం. రాడ్ నిలువుగా ఆడట్లేదు. రింగు సందు హద్దు దాటలేదు గాని దాని గుమ్మంలో ఉంది. సిలిండర్ గోడ మీద గోరు పెట్టి గీస్తే ఏమీ తగలట్లేదు. బోర్ కొట్టించాలా?

బురద_రాజా
ఇంజన్‌కి కొట్టిస్తావో లేదో గాని ఈ లెక్కలతో నూటపాతిక మాకు ఎప్పుడో కొట్టించాడు.

పాత_పిస్టన్
ముందు సిలిండర్ ఏ రకమో తెలుసుకో. లోపల ఇనుప స్లీవ్ ఉంటే పై సైజుకి బోర్ కొట్టి పెద్ద పిస్టన్ వెయ్యొచ్చు. నికాసిల్ లాంటి పూత ఉన్నదైతే బోర్ కొట్టకూడదు, పూత పోతుంది, మళ్లీ పూత వేయించాలి. అయస్కాంతం గోడకి గట్టిగా అంటుకుంటే స్లీవ్. నీది తొంభైల వాటర్ కూల్డ్ కాబట్టి పూత ఉన్నదే అనుకుంటా. గోరుకి గీత తగలకపోతే బాగు చేయించేదేం లేదు, ఒకసారి కొలిపించి అదే సైజు పిస్టన్ వేసుకో. పూత ఉన్న సిలిండర్లకి పిస్టన్లు ఏ, బీ, సీ అని వెంట్రుకంత తేడాతో వస్తాయి, కొలతకి సరిపోయే అక్షరం తీసుకో.

రీడ్‌వాల్వు
బిగించేటప్పుడు: క్రాంక్‌కేసు నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కు, పిస్టన్ పిన్ను జారకుండా పట్టే సర్‌క్లిప్ ఎగిరితే నేరుగా అందులోకే పోతుంది. పాత సర్‌క్లిప్ మళ్లీ వాడకు. దాని నోరు పైకో కిందికో ఉండాలి, పక్కకి కాదు. పిస్టన్ మీద బాణం ఎగ్జాస్ట్ వైపు. రింగు కొసలు గాడిలో ఉన్న పిన్ను దగ్గరే కలవాలి, లేదంటే సిలిండర్ దించేటప్పుడు రింగు టక్కుమంటుంది. ఆ చప్పుడు విన్నవాళ్లు జీవితంలో మర్చిపోరు.

మెకానిక్_మామ
పవర్ వాల్వ్ కూడా ఇప్పుడే మసి గీకేసెయ్. సిలిండర్ బయటికొచ్చిన రోజే దానికి పండగ.

దుమ్ముదారి
మూడు వారాల తర్వాత వస్తున్నా. అయస్కాంతం అంటలేదు, పూత ఉన్నదే. కొలిపించాను, బీ పిస్టన్ వచ్చింది. సీల్ మార్చాను. మళ్లీ ప్రెషర్ టెస్ట్ చేస్తే ఆరు నిమిషాల్లో 6 నుంచి 5కి కూడా పడలేదు. పవర్ వాల్వ్‌లో గీకితే గుప్పెడు మసి. పైలట్ మాన్యువల్ సైజుది తెప్పించాను. ఇక మెయిన్ జెట్: మొదటి రోజు తొందరపడి ఆర్డర్ పెట్టి, డ్రాయర్లో పడుకోబెట్టిన ఆ చిన్న జెట్ ఉంది చూడండి, మాన్యువల్ చెప్పిన నంబర్ సరిగ్గా అదే!

రెండో కిక్కుకి అందుకుంది. థ్రాటిల్ వదిలితే టపీమని దిగుతోంది. ప్లగ్ లేత గోధుమ రంగులో ఉంది.

బురద_రాజా
అంటే మొదటి రోజే సమాధానం జేబులో పెట్టుకుని మా చేత ఇంత రాయించావా.

పాత_పిస్టన్
ఆ రోజే దాన్ని బిగించి ఉంటే, పగిలిన గొట్టం, ఊదే సీల్ మీద పెట్రోల్ ఇంకా తగ్గేది. పిస్టన్ ఎగ్జాస్ట్ వైపు ఇంత శుభ్రంగా ఉండేది కాదు.

నీలిపొగ
కొత్త పిస్టన్ కదా, మొదటి ట్యాంకుకైనా 32:1 పోశావా?

దుమ్ముదారి
పోశాను అన్నా. నూటపాతిక ఏమీ అనకూడదు.

నూటపాతిక
కొలిచి పోశావా?

దుమ్ముదారి
5 లీటర్లకి 156 మి.లీ. సిరంజితో.

నూటపాతిక
అయితే అనను.

సగంగేరు
మొదట్లో ఎలా తిప్పావ్? కొందరు పది నిమిషాలు వేడెక్కించి చల్లార్చి అలా మూడుసార్లు చెయ్యమంటారు, కొందరు నేరుగా బాదమంటారు.

మెకానిక్_మామ
వేడెక్కించి చల్లార్చి రెండు మూడుసార్లు. తర్వాత సగం థ్రాటిల్ దాటకుండా ఒక అరగంట, ఒకే ఆర్పీఎంలో నిలబెట్టకుండా. తర్వాత చల్లారాక హెడ్ నట్లు, కూలెంట్ ఒకసారి చూసుకోవడం. నేరుగా బాదేవాళ్లు రేసులో ఉచితంగా పిస్టన్ వచ్చేవాళ్లు.

రీడ్‌వాల్వు
ఫిల్టర్ ఎన్ని రోజులకి తీస్తున్నావ్ ఇప్పుడు?

దుమ్ముదారి
దుమ్ములో తిరిగితే ప్రతి రైడ్ తర్వాత. ఇంకో రెండు ఫోమ్‌లు ఆయిల్ పట్టించి సంచుల్లో పెట్టుకున్నా, మురికిది తీసి ఇది పెట్టి, కడగడం తీరిగ్గా. బూట్లో తెల్లగుడ్డ కూడా ప్రతిసారీ. నిన్నటిది తెల్లగానే వచ్చింది.

సగంగేరు
ఆ గుడ్డ ఫ్రేమ్ కట్టించుకో.

గేర్_జారింది
ఇక్కడే అడగొచ్చా. నాదీ ఇలాంటి పాత 125. జెట్లు సరిగానే ఉన్నాయి, థ్రాటిల్ వెంటనే దిగుతుంది. కానీ వేడెక్కాక కూడా తెల్లపొగ తగ్గట్లేదు, ప్లగ్ తడిసి ఆగిపోతోంది. ఆయిల్ 50:1కి తగ్గించినా అంతే.

పాత_పిస్టన్
కొత్త చర్చ పెట్టు, లేదంటే రేపు ఇందులో ఎవరికీ ఏదీ దొరకదు. పెట్టేముందు మూడు పనులు. పొగ వాసన చూడు, తియ్యగా ఉంటే కూలెంట్, హెడ్ గాస్కెట్ వైపు వెళ్లు. కాలిన ఆయిల్ కంపు అయితే గేర్‌బాక్స్ ఆయిల్ దించి ఎంత పోశావో ఎంత వచ్చిందో కొలు. తక్కువ వస్తే క్లచ్ వైపు క్రాంక్ సీల్ దాన్ని లోపలికి లాగుతోంది. ఇక మూడోది, పెట్రోల్లో ఆయిల్ మళ్లీ మాన్యువల్ చెప్పినంత పొయ్యి, దాని తప్పేం లేదు.

గేర్_జారింది
800 పోశాను, 550 వచ్చింది.

బురద_రాజా
దుమ్ముదారీ, ఆ పంపూ గేజీ ఇంకా దాచలేదు కదా?